కార్ల ఫ్యాక్టరీకి దర్శనం టికెట్టు

తిరుపతిలో బయల్దేరి పుత్తూరు, నాగలాపురం మీదుగా సత్యవేడు దాటితే శ్రీసిటీ వస్తుంది. అటూఇటుగా రెండు గంటల దారి. 2016 ఏప్రిల్‌లో అక్కడ ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది. రోడ్ల మీద కనిపించే వీ-క్రాస్ పికప్పులు అక్కడివే. ఆ దగ్గర్లోనే మాదనపాలెంలో హీరో బండ్లు, చిన్నపాండూరులో అపోలో టైర్లు తయారవుతాయి. తిరుపతిని ఆనుకునే కరకంబాడిలో అమర రాజా బ్యాటరీలు. పడమటికి పోతే పెనుకొండ దగ్గర కియా, దక్షిణానికి దిగితే శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్. ఇన్ని ఫ్యాక్టరీల మధ్య ఉన్నా, ఈ ప్రాంతంలో కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళలో చాలామంది చూసింది గేటూ, గేటు పక్కన సెక్యూరిటీ గదీ మాత్రమే.

లోపలికి పోవడానికి మామూలుగా ఉన్న దారులు మూడు. ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతుంటే హెచ్‌ఓడీ సంతకంతో ‘ఇండస్ట్రియల్ విజిట్’ లెటర్ పంపాలి, కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళు తేదీ ఇవ్వాలి. లేదా ఆ కంపెనీకి సామాను వేసే వెండరు దగ్గర పనిచేస్తుండాలి. రెండూ కాకపోతే లోపల ఉద్యోగం చేసే బావమరిది ‘ఫ్యామిలీ డే’ నాడు వెంటబెట్టుకుని పోవాలి. ఇందులో కాలేజీ దారి ఎక్కువమందికి తెలిసినదే, ఎక్కువగా చెడిపోయేదీ అదే. బస్సు నిండా 55 మంది దిగుతారు. చూపించేది ఒక్క సూపర్‌వైజరు. మిషన్ల రొదలో ముందు వరుసలోని పదిమందికి తప్ప మాట వినపడదు. వెనకవాళ్ళు గేటు దగ్గర గ్రూపు ఫోటో దిగి, రిపోర్టు ఇంటర్నెట్‌లో చూసి రాసుకుంటారు.

జనానికి ఫ్యాక్టరీ చూపించాలా వద్దా అంటే చూపించాలనే చెప్పాలి. చూపించకపోవడానికి కంపెనీలు పైకి చెప్పే కారణం రహస్యం. లెక్కలు తీస్తే అడ్డుపడేది మాత్రం ఒక నడకదారి, ఇద్దరు గైడ్లు, ఒక ఇన్సూరెన్సు పాలసీ, వీటి ఖర్చు.

రహస్యం ఎంత, సాకు ఎంత

రహస్యాల మాట వస్తే ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది, దాంతోపాటే శ్రీహరికోట. అక్కడి షార్‌లో ఇస్రో 2019 మార్చి 31న జనం కోసం గ్యాలరీ తెరిచింది. మర్నాడే పీఎస్‌ఎల్‌వీ సీ45 పైకి లేవడాన్ని జనం ఆ మెట్ల మీద కూర్చుని చూశారు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి ప్రవేశం. రాకెట్ విప్పి ఎవరికీ చూపించరు, ఎవరూ అడగరు. ఏది కనపడాలి, ఎంత దూరం నుంచి కనపడాలి అన్నది ముందే తేల్చుకుని ఆ మేరకు మెట్లు కట్టారు. దేశ రక్షణతో ముడిపడ్డ చోట కుదిరిన పని, డబ్బు కడితే ఎవరికైనా తాళాలు ఇచ్చే వస్తువు విషయంలో కుదరదంటే నమ్మడం కష్టం.

పోటీ కంపెనీకి ఎదుటివాడి కారు గురించి తెలుసుకోవాలంటే ఫ్యాక్టరీ చూసే అవసరమే లేదు. షోరూంలో ఒక కారు కొంటారు, చివరి బోల్టు దాకా విప్పుతారు, ఒక్కో భాగాన్నీ తూకం వేసి, దేంతో చేశారో, ఎంత ఖర్చయి ఉంటుందో రాసుకుంటారు. ఇలా విప్పి ఆ వివరాలు అమ్ముకుని బతికే సంస్థలు కూడా ఉన్నాయి. నాలుగు మీటర్ల ఎత్తున నడుచుకుంటూ పోయే సందర్శకుడికి గంటలో దొరికేది ఇందులో వందో వంతు కూడా ఉండదు.

అయితే దాచాల్సినవి అసలు లేవనడం కూడా తప్పే. మొదటిది, ఇంకా విడుదల కాని మోడల్. కొత్త మోడల్ ట్రయల్ బాడీలను చాలా ఫ్యాక్టరీల్లో పాత మోడళ్ళ మధ్యనే అదే లైను మీద నడుపుతారు. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం రూపానికి రిజిస్ట్రేషన్ రావాలంటే అది కొత్తదై ఉండాలి, దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయి ఉండకూడదు. కొత్త గ్రిల్లు ఫోటో ఒకటి ఫోన్లో బయటికి పోతే ఆ రిజిస్ట్రేషన్‌కే ఎసరు రావచ్చు. రెండోది, గోడల మీద బోర్డులు. గంటకి ఎన్ని బళ్ళు దిగాయి, ఎన్నిట్లో ఏ లోపం వచ్చింది అన్నవి పెద్దక్షరాల్లో రాసి ఉంటాయి. మూడోది, వెండరు పేరుతో స్టిక్కర్లున్న బిన్లు, రోబో కంట్రోలర్ తెరలు, రేకుల్ని కదలకుండా పట్టి ఉంచే వెల్డింగ్ జిగ్గులు. మూడింటికీ మందు ఉంది. ట్రయల్ బాడీలు టూర్ లేని షిఫ్టులో నడపాలి, బోర్డులు నడకదారికి వీపు తిప్పి పెట్టాలి, ఫోన్లు బయట పెట్టించాలి. అదీ కుదరని కాలంలో టూర్ ఆపెయ్యాలి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో కార్వెట్ కారు ఫ్యాక్టరీ చేసిందదే. ఎన్నో ఏళ్ళుగా జనానికి చూపిస్తున్న టూర్‌ని 2017లో కొత్త మోడల్, కొత్త పెయింట్ షాపు పనుల కోసం ఆపేసింది. ఆపడం వేరు, అసలు మొదలే పెట్టకపోవడం వేరు.

అసలు ఈ అలవాటు కొత్తదేం కాదు. డెట్రాయిట్ పక్కన ఫోర్డ్ వాళ్ళ రూజ్ ఫ్యాక్టరీని 1924 నుంచే జనానికి చూపించారు. 1980లో ఆపేసి, 2004లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అసెంబ్లీ లైను పైన జనం కోసమే నడకదారి కట్టారు. ఇసుజు సంగతే చూస్తే, జపాన్‌లో ఫుజిసావా ఫ్యాక్టరీ దగ్గర 2017లో ‘ఇసుజు ప్లాజా’ అనే ప్రదర్శనశాల తెరిచింది. మన దేశంలోనూ రాయల్ ఎన్‌ఫీల్డ్ మద్రాసు పక్కన ఒరగడం ఫ్యాక్టరీని డబ్బు తీసుకుని అభిమానులకు చూపించింది. బుల్లెట్ అభిమానికి పనికొచ్చింది కారు అభిమానికి ఎందుకు పనికిరాదు?

ఏ షాపు చూపాలి, ఏది చూపకూడదు

కార్ల ఫ్యాక్టరీ అంటే ఒకే కప్పు కింద ఉన్న ఒకే పని కాదు. ప్రెస్ షాపు, బాడీ షాపు, పెయింట్ షాపు, అసెంబ్లీ అని నాలుగు వేరు వేరు లోకాలు. అన్నీ చూపించాలనుకోవడం దగ్గరే చాలా టూర్లు పాడవుతాయి.

ప్రెస్ షాపులో పెద్దగా ఆగే పని లేదు. ముప్పావు మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకు చుట్టల్లో వస్తుంది. దాన్ని ముక్కలు కోసి, వందల టన్నుల బరువుతో అచ్చు మీద అదిమితే బానెట్టో తలుపో అవుతుంది. కాళ్ళ కింద నేల అదురుతుంది, చెవిలో ప్లగ్గులు లేకుండా నిలబడలేరు. ఐదు నిమిషాలు చాలు.

బాడీ షాపు కంటికి పండగ. నారింజ రంగో పసుపో రోబో చేతులు రెండు రాగి మొనల మధ్య రేకుల్ని పట్టి కరెంటు పంపుతాయి. ఒక్కో చుక్కకీ దాదాపు 10,000 ఆంపియర్ల కరెంటు, అదీ సెకనులో ఏ నాలుగో వంతో. ఒక కారు బాడీకి ఇలాంటి చుక్కలు మూడు నాలుగు వేలు ఉంటాయి. ఇక్కడ జాగ్రత్తలు రెండు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళని ఈ షాపులోకి రానివ్వకూడదు, ఇంత కరెంటు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం దాన్ని గందరగోళపరచవచ్చు. ఈ ప్రశ్న టికెట్టు బుక్ చేసేటప్పుడే అడగాలి, గేటు దగ్గర అడిగితే వచ్చిన మనిషిని వెనక్కి పంపాల్సి వస్తుంది. రెండోది, ఎగిరిపడే నిప్పురవ్వలు. నైలాన్, పాలిస్టర్ చీరకొంగు మీద ఒక్క రవ్వ పడినా చిల్లి పడుతుంది, అంటుకున్నా ఆశ్చర్యం లేదు. పారదర్శకమైన పాలికార్బొనేట్ తెర ఇవతలి నుంచి చూపిస్తే సరిపోతుంది.

పెయింట్ షాపు మాత్రం చూపకూడదు. ఇది దాపరికం కాదు, అక్కడి పని స్వభావమే అంత. బాడీని ముందు కడిగి జిడ్డు తీస్తారు, ఫాస్ఫేట్ పూత పెడతారు, తర్వాత ఈడీ (ఎలక్ట్రో డిపోజిషన్) తొట్టిలో ముంచుతారు. తొట్టిలోని రంగు కరెంటు బలంతో మూలమూలకీ అతుక్కుంటుంది. 160 నుంచి 180 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. అతుకుల్లో సీలర్, దాని మీద ప్రైమర్, రంగు, ఆ పైన క్లియర్ కోట్. ఇన్ని పూతలూ కలిపితే మందం మిల్లీమీటరులో పదో వంతు. ఇంత పల్చటి పొర మీద సిలికోన్ అణువంత పడినా రంగు అక్కణ్ణుంచి పక్కకి జరిగిపోయి చేప కన్నులాంటి గుంట పడుతుంది. ఆ సిలికోన్ ఎక్కడుంటుంది? తలకు రాసుకునే సీరమ్‌లో, చేతి క్రీములో, కొన్ని డియోడరెంట్లలో. తల్లో పూల పుప్పొడి, నుదుటి విభూతి రజను, కొత్త చీర నూలుపోగు కూడా క్లియర్ కోట్‌లో పడితే గింజలా తేలుతాయి. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళు ఇవేవీ రాసుకోకుండా వచ్చి, పోగు రాలని సూటు వేసుకుని, గాలి జల్లు గదిలో నిలబడి దులుపుకున్నాకే లోపలికి పోతారు. ఒక్క గుంట పడితే ఆ చోటు సానపట్టి పాలిష్ చెయ్యాలి, లోతుగా పడితే ఆ భాగం మొత్తం మళ్ళీ రంగు వెయ్యాలి. ఇరవై మందిని తెచ్చి పెయింట్ బూత్‌లో నిలబెట్టమని ఏ మేనేజరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పూతల్ని మెట్లు మెట్లుగా గీకి చూపించే రేకు ముక్క ఒకటి చేతికిచ్చి, ఐదు నిమిషాల వీడియో వేస్తే కిటికీ నుంచి చూసేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. జర్మనీలో డ్రెస్డెన్ నగరం నడిబొడ్డున ఫోక్స్‌వ్యాగన్ గాజు గోడల ఫ్యాక్టరీ కట్టినప్పుడు కూడా వెల్డింగ్, పెయింట్ అక్కడికి తేలేదు. రంగు వేసిన బాడీలు బయటి నుంచి వచ్చేవి, విడిభాగాలు ఊరి ట్రామ్ పట్టాల మీద నీలం రంగు సరుకు ట్రామ్‌లో వచ్చేవి. చెక్క పరిచిన నేల మీద అసెంబ్లీ ఒక్కటే జనానికి కనపడేది.

బ్యాటరీల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సీసం బ్యాటరీ తయారయ్యే చోట సీసపు ధూళి ఉంటుంది, పనివాళ్ళ రక్తంలో సీసం ఎంతుందో ఎప్పటికప్పుడు పరీక్షిస్తుంటారు. పిల్లల ఒంటికి సీసం పెద్దలకన్నా ఎక్కువ చేటు. అలాంటి ఫ్యాక్టరీ కుటుంబాలకు చూపించేది కాదు.

ఇక మిగిలింది అసెంబ్లీ. టూర్‌లో ముప్పావు వంతు సమయం ఇక్కడే గడవాలి.

పెయింట్ షాపు నుంచి తలుపులతో సహా వచ్చిన బాడీకి మొదట తలుపులు ఊడదీస్తారు. చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది, ఇప్పుడే బిగించి రంగు వేసినవాటిని మళ్ళీ ఎందుకు తీస్తున్నారని. తలుపు ఉంటే లోపలికి డాష్‌బోర్డు, సీట్లు ఎక్కించడానికి మనిషికి చోటు చాలదు, రంగుకి గీతలు పడతాయి. తలుపులు వేరే లైను మీద పోయి అద్దాలు, తాళాలు, స్పీకర్లు తగిలించుకుని, సరిగ్గా తమ బాడీ దగ్గరికే తిరిగొస్తాయి. ఎర్ర కారుకి తెల్ల తలుపు రాకుండా చూసేది బాడీకి కట్టిన నంబరు. పిల్లలతో వచ్చినవాళ్ళకి ఈ ఒక్క చోటు పది నిమిషాలు సరిపోతుంది, పందెం కట్టి మరీ ఎదురుచూస్తారు.

లైను పక్కన పనిచేసేవాళ్ళ బెల్టు బకిల్ మీద గుడ్డ తొడుగు ఉంటుంది. చేతికి ఉంగరం, వాచీ, కడియం ఉండవు. కారు మీదికి వంగినప్పుడు గీత పడకుండా. సందర్శకుల్ని నేల మీద లైను పక్కగా నడిపిస్తే వాళ్ళకీ ఇదే నియమం పెట్టాలి. ఉంగరాలు తియ్యమంటే వేలికి బిగుసుకున్నాయనేవాళ్ళు ఉంటారు కాబట్టి పైన నడకదారే నయం.

తర్వాత చూడాల్సింది ఇంజనూ బాడీ కలిసే చోటు. ఫ్యాక్టరీల్లో దీన్ని పెళ్ళి అనే పిలుస్తారు. కియా సెల్టోస్‌లాంటి మోనోకాక్ కారులో బాడీయే వెన్నెముక. అది పై నుంచి వేలాడుతూ వస్తుంది. ఇంజను, గేర్‌బాక్సు, ముందు వెనక సస్పెన్షన్లు ఒక పళ్ళెం మీద అమర్చి కింది నుంచి లేపుతారు. గైడు పిన్నులు రంధ్రాల్లో దూరగానే బోల్టులు ఎక్కిస్తారు. వీ-క్రాస్‌లాంటి పికప్ కథ దీనికి తలకిందులు. దానికి నిచ్చెన ఆకారంలో ఉక్కు ఛాసిస్ వేరే ఉంటుంది. ఇరుసులు, ఇంజను, ప్రొపెల్లర్ షాఫ్టు, పొగ గొట్టం, డీజిల్ ట్యాంకు అన్నీ ముందు దానికే బిగిస్తారు. క్యాబిన్, వెనక తొట్టి విడిగా రంగు వేసుకుని వచ్చి పై నుంచి ఆ ఛాసిస్ మీద దిగుతాయి. మధ్యలో రబ్బరు దిమ్మలు. అందుకే పికప్ క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఖాళీ ఉంటుంది. రాళ్ళ దారిలో ఛాసిస్ మెలి తిరిగినప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకోకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. ఈ తేడా పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా రానంత తేలిగ్గా, రెండు ఫ్యాక్టరీల్లో చెరో పది నిమిషాలు నిలబడితే వస్తుంది. ఎస్వీ యూనివర్సిటీలోనో యేర్పేడు ఐఐటీలోనో మెకానికల్ చదివే పిల్లల్ని శ్రీసిటీకీ పెనుకొండకీ రెండింటికీ పంపాలనేది ఇందుకే.

చక్రాలు బిగించే చోట చప్పుడు వినాలి. పికప్ చక్రానికి ఆరు నట్లు. నట్ రన్నర్ వాటిని బిగించి, ఎంత బలంతో బిగిసిందో కొలిచి, కంప్యూటర్‌లో ఆ బండి నంబరు కింద రాస్తుంది. ఒక్క నట్టు తక్కువ బిగిసినా ఎర్ర దీపం వెలుగుతుంది, లైను ముందుకి జరగదు. ఇక్కడే గైడు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లైను ఆగడం తప్పు కాదు. తప్పు కనపడగానే తాడు లాగి లైను ఆపే హక్కు పనివాడికి ఇవ్వడం టయోటా నేర్పిన పద్ధతి. అది చెప్పకపోతే ఆగిన లైను చూసి ‘లోపల బళ్ళు చెడిపోతున్నాయంట’ అని ఊరంతా చెప్పేస్తారు.

చివర్లో వాన గది. తయారైన బండిని జల్లుల కింద కొన్ని నిమిషాలు నిలిపి, తర్వాత కార్పెట్ ఎత్తి తడి చూస్తారు. తడి ఉందంటే ఎక్కడో సీలర్ సరిగ్గా పడలేదు, లేదా వైర్లు దూరే రంధ్రానికి రబ్బరు గ్రామెట్ కూర్చోలేదు. ఈశాన్య రుతుపవనాల వానలు మనకి కొత్త కాదు కాబట్టి ఈ గదిని ఎవరూ వదిలిపెట్టరు.

ఎంతసేపు ఎక్కడ నిలబెట్టాలి అన్నది లైను వేగాన్ని బట్టి ఉంటుంది. ఏడాదికి 3 లక్షల బళ్ళ సామర్థ్యం (పెనుకొండకి మొదట్లో చెప్పిన సంఖ్య ఇదే) 300 రోజుల్లో, రోజుకు 15 గంటల్లో అందుకోవాలంటే 54 సెకన్లకో కారు దిగాలి. ఐదు నిమిషాలు నిలబడితే ఒకే పని ఐదుసార్లు కనపడుతుంది, మూడోసారికి అర్థమవుతుంది. ఏడాదికి 50,000 సామర్థ్యం (శ్రీసిటీ ఇసుజుకి తొలి దశలో చెప్పింది) అదే లెక్కన ఐదున్నర నిమిషాలకు ఒకటి. అక్కడ ఒక్కో మనిషి ఎక్కువ పనులు చేస్తాడు. మొదటి నుంచి చివరిదాకా చూస్తే ఒక్కసారే కనపడుతుంది, గైడు ముందే చెప్పి పెట్టకపోతే జారిపోతుంది. సందర్శకుడి వల్ల వేగంగా నడిచే లైను పది నిమిషాలు ఆగితే పదకొండు కార్లు పోయినట్టే. కంపెనీల భయం అర్థం లేనిదేం కాదు.

నడకదారి, గైడు, ఇన్సూరెన్సు

ఆ భయానికి జవాబు నడకదారి. నేలకి మూడున్నర, నాలుగు మీటర్ల ఎత్తున, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు, నడుము పైదాకా రెయిలింగు, దాని కింద సన్నటి జాలీ. జాలీ ఎందుకంటే పై నుంచి పెన్నో కమ్మో జారి కారు మీద పడితే రంగు పోతుంది, పనివాడి తల మీద పడితే దెబ్బ తగులుతుంది. కింద ఫోర్క్‌లిఫ్టులు, సామాను లాక్కుపోయే చిన్న రైళ్ళు తిరుగుతుంటాయి, వాటి దారీ మనుషుల దారీ కలవకపోవడమే పెద్ద రక్షణ. షెడ్డు ప్లాను గీతలోనే ఇది ఉంటే స్తంభాలకు ఆనించి కట్టేస్తారు, ఖర్చు తెలియదు. నడుస్తున్న ఫ్యాక్టరీలో కొత్తగా కట్టాలంటే మాత్రం పైన కన్వేయర్లు, గాలి డక్టులు, హాయిస్టులు, నీళ్ళ గొట్టాలు అన్నీ అడ్డమే. ఏడాదికోసారి వచ్చే షట్‌డౌన్ వారంలో ఎంత పని అవుతుందో అంతే. ఇప్పుడు కొత్త షెడ్లు గీయిస్తున్నవాళ్ళు ఆ ఒక్క గీత ముందే గీయించుకుంటే మంచిది.

చట్టం సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రధానంగా కార్మికుడి చుట్టూ రాసినది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఇంకా గట్టిది. యజమానికి తెలిసి వచ్చినా తెలియకుండా వచ్చినా సరే, ఆవరణలో ఉన్న ప్రతి మనిషి భద్రతా అతని బాధ్యతే. ఈఎస్‌ఐ ఉద్యోగికే వర్తిస్తుంది, చూడ్డానికి వచ్చినవాడికి రాదు. కాబట్టి బయటివాళ్ళకి జరిగే ప్రమాదాలకు విడిగా పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకోవాలి. ‘నా ప్రాణానికి నేనే బాధ్యుణ్ణి’ అని సంతకం పెట్టించుకుంటే సరిపోతుందనుకునే సెక్యూరిటీ ఆఫీసర్లు ఉన్నారు. నిర్లక్ష్యం వల్ల కాలు విరిగితే ఆ కాగితం కోర్టులో పెద్దగా అడ్డుకోదు. శ్రీసిటీలో కొంత భాగం ప్రత్యేక ఆర్థిక మండలి కూడా, అందులోకి పాస్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. పేర్లు, గుర్తింపు కార్డు నంబర్లు ముందురోజే చేరాలి.

గుంపు 20 మందికి మించకూడదు. ముందు గైడు, వెనక ఇంకొకరు. వెనక మనిషి లేని గుంపు సాగిపోతుంది, ఎవరో ఒకరు రోబో దగ్గర నిలబడిపోతారు. చెవికి హెడ్‌సెట్ తప్పనిసరి, లేకుంటే కాలేజీ బస్సు కథే. సత్యవేడు వైపు తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి కాబట్టి రోజుకో భాష అని బ్యాచ్‌లు విడదీస్తే చాలు. కాలి బొటనవేలికి ఉక్కు తొడుగు, కళ్ళద్దాలు, మెరిసే కోటు ఫ్యాక్టరీ ఇస్తుంది. పంచె, హవాయి చెప్పులు, జారే చున్నీ కుదరవని టికెట్టు మీదే అచ్చెయ్యాలి. ఫోన్ అప్పజెప్పి టోకెన్ తీసుకోవడం, చెప్పులు ఒక చోట వదిలి ఇంకో చోట తేలడం, ఇచ్చిన టైముకి వరసలో నిలబడటం ఈ జిల్లావాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. తిరుమల కొండ మీద రోజూ వేలమందిని నడిపించే పద్ధతిలో వెయ్యో వంతు చాలు. మహాలఘు దర్శనంలా ‘జరగండి జరగండి’ అని తోసెయ్యకుండా ఉంటే అంతే.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం. టికెట్టు 300 రూపాయలు అనుకుందాం, కొండ మీద ప్రత్యేక ప్రవేశానికి అలవాటైన ధరే. వారానికి రెండు రోజులు, రోజుకు రెండు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి 20 మంది. వారానికి 80 మంది. షట్‌డౌన్లు, పండగలు తీసేసి 48 వారాలకు 3,840 మంది, 11,52,000 రూపాయలు. ఇద్దరు గైడ్లకు నెలకి 30,000 చొప్పున ఏడాదికి 7,20,000 పోతే మిగిలే 4,32,000లో ఇన్సూరెన్సు, గేటు నుంచి షెడ్డు దాకా చిన్న బస్సు, హెడ్‌సెట్లు గడవాలి. గడుస్తాయి, లాభం మిగలదు. నడకదారి కట్టిన ఖర్చు టికెట్లలో ఎప్పటికీ తేలదు, దాన్ని ప్రకటనల పద్దులో వెయ్యాలి. ఒక సినిమా హీరోతో తీసే టీవీ ప్రకటన ఖర్చుతో పోల్చి చూసుకుంటే మార్కెటింగ్‌వాళ్ళకి నిద్ర పడుతుంది.

ఈ లెక్కల్లో ఎక్కడా రానివాడు లైను పక్కన నిలబడి పనిచేసే కుర్రాడు. ఐటీఐ చదివి, సత్యవేడు, వరదయ్యపాళెం, నాగలాపురం పల్లెల నుంచి షిఫ్టు బస్సెక్కి వచ్చేవాడు. పై నుంచి ఇరవై మంది తొంగి చూస్తుంటే జూలో జంతువునా అనిపించవచ్చు. వేలు చూపించి నవ్వితే మరీ. పనివాళ్ళతో ముందే మాట్లాడి, ఏ స్టేషన్ల దగ్గర ఆగుతారో వాళ్ళకి చెప్పి, వద్దన్న చోట ఆగకుండా పోవాలి. మొదటి నెల టికెట్లు పనివాళ్ళ కుటుంబాలకే ఉచితంగా ఇవ్వడం తెలివైన పని. నాన్న ఏం చేస్తాడో పిల్లలు చూసిపోయాక ఆ నడకదారి వాళ్ళకీ సొంతమవుతుంది. గైడ్లుగా కూడా హెచ్‌ఆర్ ట్రైనీలకన్నా, మోకాళ్ళ నొప్పులతో లైను మీద నిలబడలేకపోతున్న పాత ఆపరేటర్లు నయం. ఏ నట్టు ఎందుకు జారుతుందో వాళ్ళకే తెలుసు.

రోజులు ఎంచుకోవడంలోనూ కిటుకుంది. ఆదివారం లైను నడవదు, చూడ్డానికి నిలబడిపోయిన బాడీలు తప్ప ఏమీ ఉండవు. సోమవారం పొద్దున మిషన్లు వేడెక్కి, లైను కుదుటపడేసరికి సమయం పడుతుంది. నెలాఖరులో టార్గెట్ల ఒత్తిడి. మంగళ, బుధ, గురువారాలు మంచివి, నెల మొదటి మూడు వారాల్లోవైతే మరీ. టీ విరామం, భోజన విరామం తప్పించి పొద్దున పదిన్నరకి ఒక బ్యాచ్, మధ్యాహ్నం రెండున్నరకి ఒకటి. యాత్రికులు ఘాట్ రోడ్డు దిగి రెండు గంటలు ప్రయాణించి వస్తారు కాబట్టి ఆలస్యం మామూలే. అరగంట దాటితే తర్వాతి బ్యాచ్‌లో చోటుంటేనే కలపాలి. జాలిపడి మధ్యలో ఒకణ్ణి కలిపారంటే భద్రతా సూచనలు వినని మనిషి ఒకడు లోపలికి పోయినట్టే. పదేళ్ళలోపు పిల్లలకి వద్దనడం కఠినంగానే ఉంటుంది, కానీ రెయిలింగు ఎక్కేది వాళ్ళే.

ఇంకో అడుగు ముందుకు వేస్తే, కొన్నవాడు ఫ్యాక్టరీకే వచ్చి తన కారు తీసుకుపోవడం. జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లో ఫోక్స్‌వ్యాగన్ 2000లో తెరిచిన ఆటోస్టాట్‌లో రెండు గాజు బురుజుల నిండా కొత్త కార్లు పేర్చి ఉంటాయి. కొన్నవాళ్ళు కుటుంబంతో వచ్చి, చూడాల్సినవి చూసి, బురుజు మీంచి దిగిన తమ కారులో ఇంటికి పోతారు. మన దగ్గర ఇన్వాయిస్, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ అన్నీ డీలరు చేతి మీదుగా జరుగుతాయి కాబట్టి డీలరు కమీషన్ ముట్టుకోకుండా, ఆయన మనిషినే ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చోబెట్టి తాళాలు ఇప్పించాలి. నడపలేని పని కాదు. ఒక్క చిక్కు మిగులుతుంది. చిత్తూరు వైపు కొత్త బండి అంటే కాణిపాకం వినాయకుడి ముందు పూజ జరిగి తీరాలి, అప్పటిదాకా ఆగలేనివాళ్ళు డెలివరీ యార్డులోనే నిమ్మకాయలు, కొబ్బరికాయ తీస్తారు. నిమ్మకాయలకు అభ్యంతరం లేదు. ఇంధనం పోసిన వందల బళ్ళు ఆ యార్డులో నిలబడి ఉంటాయి కాబట్టి కర్పూరం మాత్రం గేటు బయట వెలిగించుకోవాలి.